సూచిక

పేరులోనే ఖనిని పొదువుకొన్న పట్టణం గోదావరిఖని. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు పరిసరాలలో బొగ్గు జాడను గుర్తించాడు. అక్కడ అంకురించిన సింగరేణి చరిత్ర 1920లో కంపెనీ రూపం దాల్చి, కాలక్రమంలో గోదావరి లోయ వెంబడి రామగుండం దాకా విస్తరించింది. దేశానికి వెలుగునిచ్చే ఆ బొగ్గు, తాను పుట్టిన ఊరికి మాత్రం వెలుగుతోపాటు ధూళిని కూడా పంచుతుంది. ఉదయం ఆరవేసిన తెల్లని వస్త్రం సాయంత్రానికి మసకబారుతుంది. వస్త్రాన్ని ఉతుక్కోవచ్చు, యంత్రపు కీళ్ళలో చేరిన ధూళిని ఎవరో ఒకరు ఓపికగా వెదకి తీయాలి.

అటువంటి ఓపిక గల ఒక వృద్ధ మేస్త్రి ఆ పట్టణపు అంచున, రేకుల షెడ్డులో పాత బండ్లను బాగుచేస్తుండేవాడు. ఆయన దగ్గర ఐ.టి.ఐ. ముగించిన ఒక యువకుడు పని నేర్చుకొంటున్నాడు. ఒకనాడు ఆ షెడ్డుకు నీళ్ళు చల్లే బండి ఒకటి వచ్చింది. ఉపరితల గనుల బాటలపై లేచే దుమ్మును అణచడానికి పాత వాహనాలకు నీటి ట్యాంకు అమర్చి వాడడం పరిపాటి. దుమ్మును అణచవలసిన ఆ బండినే దుమ్ము పట్టి పీడిస్తోంది!

అది క్లచ్చి తొక్కి గేరు మార్చే బండి కాదు. రాడ్డును ముందుకో, వెనుకకో జరిపితే మిగిలిన పనిని గేరుపెట్టె తానే చూసుకొంటుంది. రాడ్డు ఏ స్థానంలో ఉన్నదో చేతికి స్పష్టంగా తెలియదు. డాష్‌బోర్డులోని సూచికను చూసి తెలుసుకోవాలి. గాజుపలక వెనుక వరుసగా అక్షరాలు, అంకెలు; వాటి ముందు కదిలే ఎర్రని ముల్లు; ఆ ముల్లును లాగే సన్నని కేబుల్. చూడడానికి ఆటవస్తువు వలె ఉంటుంది.

వారం క్రిందట ఆ ముల్లు బిరుసుగా కదులుతోందని డ్రైవరు చెప్పగా, మేస్త్రి లేని వేళ యువకుడు దానిపై ఇంజను నూనె ధారాళంగా పోసి పంపాడు. నాలుగు రోజులు ముల్లు చక్కగా కదిలింది. ఐదవనాడు నీళ్ళు నింపే చోట అది న్యూట్రల్ వద్దనే అతుక్కుపోయింది. నిజానికి రాడ్డు రివర్స్‌లో ఉంది. ముల్లును నమ్మి డ్రైవరు బ్రేకు వదలగానే బండి వెనుకకు కదిలింది. వెనుక గొట్టం పట్టుకొని నిలుచున్న కూలీ పక్కకు దూకాడు. చక్రం కింద ఒక బండరాయి అడ్డుపడకపోతే ఏమి జరిగేదో తలచుకోవడానికే ఆ డ్రైవరు భయపడుతున్నాడు.

అంతా విన్న మేస్త్రి శిష్యుని వైపు తిరిగాడు.

"నూనె పోసినవా, కొడుకా?"

"పోసిన కాకా. మంచిగ తిరగాలెనని జెర ఎక్కువనే పోసిన."

"నూనె దుమ్మును పిలుస్తది. రెండూ కలిస్తె సానరాయి లెక్క అరగదీస్తది."

ఆయన కోపగించుకోలేదు. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టించి, బ్యాటరీ తీగ తప్పించి, శిష్యుని చేతికే స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. ఊడదీసిన మరలను తీసిన వరుసలోనే పాత గుడ్డపై పేర్చమన్నాడు. మెత్తని కుంచెతో పొడి ధూళిని దులిపించాడు. పెట్రోలు తగిలితే అంకెలు చెరిగిపోతాయని, పలకను సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడిపించాడు. జిగురుగా మారిన నూనెను పుల్లకు చుట్టిన దూదితో తీయించాడు. అంతా ఆరిన తరువాత ముల్లు తిరిగే కీలు వద్ద ఆవగింజంత సిలికాన్ గ్రీజు మాత్రమే పెట్టించాడు.

అయినా ముల్లు న్యూట్రల్‌కూ రివర్స్‌కూ నడుమ నిలిచింది. యువకుడు కటింగ్ ప్లేయర్ అందుకొని, "కొద్దిగ వంచితే సరిపోతది గద కాకా?" అన్నాడు.

మేస్త్రి అతని చేయి పట్టుకొన్నాడు. "ముల్లు వంచుడు అల్కటి పనే. అబద్ధానికి మెరుగు పెట్టినట్టయితది. ముందు నిజమేందో చూసి రా."

యువకుడు బండి కిందికి దూరాడు. గేరుపెట్టె పక్కనున్న మీట న్యూట్రల్ గాడిలో సరిగా కూర్చొని ఉంది. పైన రాడ్డు కూడా ఆ స్థానంలోనే ఉంది. "రెండూ ఒక్క మాటే చెప్తున్నయి. ముల్లొక్కటే వేరే చెప్తాంది" అన్నాడు. మరల వెదకగా సూచిక కేబుల్‌ను బిగించే క్లిప్పు వదులై, కేబుల్ పక్కకు జరిగినట్లు తెలిసింది. దానిని సరిచేసి బిగించగానే ముల్లు తనంతట తానే తన చోటికి చేరింది. పిమ్మట డ్రైవరును కూర్చుండబెట్టి, బ్రేకు తొక్కి ఉంచి, ఒక్కొక్క స్థానమూ మార్చి, పదిసార్లు సరిచూశారు.

భారతంలో నలునికి అశ్వహృదయం తెలుసు. గుఱ్ఱపు అంతరంగం ఎరిగినవాడు గనుకనే ఋతుపర్ణుని రథాన్ని ఒక్కనాటిలో విదర్భకు చేర్చగలిగాడు. యంత్రానికీ ఒక హృదయం ఉంటుంది. ఆ హృదయాన్ని మనిషికి ఎరుకపరచే నోరే సూచిక. ఆ నోరు మూగబోతే మనిషి జాగ్రత్తపడతాడు. అబద్ధమాడితే నమ్మి మోసపోతాడు. కనుకనే పనిచేయని సూచిక కంటె తప్పు చూపే సూచిక ప్రమాదకరం.

సాయంకాలం బండి బయలుదేరుతుండగా యువకుడు పరుగున వెళ్ళి, డ్రైవరుతో పాటు వచ్చిన ఆ కూలీ ఎదుట నిలిచాడు. "అన్నా, ఆ నూనె పోసింది నేనే" అన్నాడు. కూలీ కొంతసేపు మౌనంగా చూసి, "ఇప్పుడు మంచిగ చేసినవు గద" అని బండి ఎక్కాడు.

మేస్త్రి అది దూరం నుండి గమనించి, మాట్లాడకుండా పనిముట్లు సర్దుకొన్నాడు. ఆనాడు బండిలోని ముల్లుతో పాటు మరొకటి కూడా తన సరైన స్థానానికి చేరిందని ఆయనకు అర్థమైంది.