పడమటి గాలిలో ఒక బిళ్ళ

డిస్క్ గోల్ఫ్ అనే ఆటను గురించి మన తెలుగువారిలో విన్నవారు తక్కువే. గోల్ఫులోని బంతినీ కర్రనూ తీసివేసి ఒక ప్లాస్టిక్ బిళ్ళను చేతికివ్వండి. గుంటకు బదులు గొలుసులు వ్రేలాడే ఇనుపబుట్టను నిలపండి. ఆట సిద్ధం! వీలైనన్ని తక్కువ విసురులలో బుట్టను చేరాలి. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానవనంలో ఎడ్ హెడ్రిక్ మైదానాన్ని రూపొందించిన తొలినాళ్ళలో బుట్టలు లేవు, పాతిన స్తంభాలే గమ్యాలు. కనుక ఎమ్మిగనూరు పొలంలో తుమ్మచెట్టును గురిగా పెట్టుకొన్నవాడు సంప్రదాయాన్ని మీరినట్లు కాదనుకుంటాను.

బిళ్ళలు ముఖ్యంగా మూడు జాతులు. పదునైన వెడల్పు అంచు గల డ్రైవరు దూరానికి. మొద్దు అంచు గల పటరు బుట్ట సమీపానికి. ఈ రెంటి నడుమది మిడ్‌రేంజ్. పదేళ్ళుగా అమెరికాలో నేను డ్రైవరునే నమ్ముకొన్నాను. నిరుడు కుడిభుజం మొరాయించింది. బలమంతా పెట్టి విసరడం ఇక మానుకోవలసిందేనని వైద్యుడు తేల్చి చెప్పాడు. పరాయి దేశంలో ఆదివారపు ఉదయాలకు ఒక అర్థమిచ్చిన ఆట అది. వదులుకోవడానికి మనసొప్పక, డిస్‌క్రాఫ్ట్ వారి ‘బజ్’ అనే మిడ్‌రేంజ్ బిళ్ళను కొని, జూన్ నెల ప్రయాణంలో పెట్టెలో వేసుకొని వచ్చాను.

ఈ బిళ్ళకు నాలుగంకెల జాతకముంది: వేగం 5, తేలుడు 4, మలుపు ‑1, వాలుడు 1. నాలాంటి కుడిచేతి వాటంవాడు చేతిని ఎడమనుండి కుడికి విదిలిస్తే, అది వేగంగా ఉన్నంతసేపు రవంత కుడికి ఒరిగి, నెమ్మదించాక రవంత ఎడమకు వాలుతుంది. మొత్తంమీద తిన్నని దారి. ఎదురుగాలిలో మాత్రం ఇదంతా తారుమారు. బిళ్ళను తాకే గాలివేగం పెరుగుతుంది కనుక కుడి మలుపు ఎక్కువవుతుంది. చేతిలోని చిన్న వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది.

ఆదోనిలో కోటకొండల క్రింద మొదట ప్రయత్నించాను. బండరాళ్ళ మధ్య సుడులు తిరిగే గాలిలో బిళ్ళ గుణమేదో, గాలి గుణమేదో తెలియలేదు. మరునాడు ఎమ్మిగనూరు వెళ్ళి, మేనమామ పొలంలో నిలబడ్డాను. గుంటక తోలి వానకై ఎదురుచూస్తున్న నల్లరేగడి. అడ్డులేని పడమటి గాలి. డెబ్బై అడుగుల దూరంలో, అంటే నా కాలి అంగలతో డెబ్బై, తుమ్మచెట్టు.

గొర్రెలు తోలుకొంటూ వచ్చిన పెద్దాయన కాసేపు చూసి, "ఏమప్పా, ఆ తట్టతో ఏం పని నీకు?" అన్నాడు. చెప్పాను. "గాలికి అంత ఎత్తిస్తే అది ఊరుకుంటాదా? కిందికి పోనీ" అన్నాడు.

బిళ్ళ ముక్కును కాస్త దించి, నడుము ఎత్తులో, సగం బలంతోనే విసిరాను. గాలిని కోసుకొంటూ పోయి చెట్టుకు నాలుగంగల దూరంలో పడింది. పది విసురులలో ఆరు అలాగే పడ్డాయి. భుజం బలం పెట్టినవి నాలుగూ కుడికి పోయాయి.

మరునాడు నిద్రలేచి చేయి పైకెత్తి చూసుకొన్నాను. నొప్పి లేదు. డ్రైవరు చేరే దూరం ఇక నాది కాదు. అక్కడికి రెండు విసురులలో చేరతాను. లెక్కలో ఒకటి ఎక్కువ పడితే పడనీ, ఆదివారాలు మాత్రం మిగిలాయి.