పెద్దక్షరం, చిన్నక్షరం

ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ అని రెండు తెగలున్నాయి. మన అక్షరాల్లో ఆ భేదం లేదు. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠం చెప్పుకుని బతుకుతున్న నాకు ఈ సంగతి తెలియక కాదు. కాని దానివల్ల ఒక ఆడపిల్ల తరగతిలో పదిమంది ముందు తలవంచుకోవలసి వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి సెలవులకు వచ్చి, "నాన్నా, నీకు పైథాన్ నేర్పుతాను" అంది. పైథాన్ అంటే ఇక్కడ కొండచిలువ కాదు, కంప్యూటరుకు పని పురమాయించే భాష. "ఈ వయసులో ఆయనకెందుకే ఆ అవస్థ?" అని మా ఆవిడ వంటింట్లోంచే కేకవేసింది. దాంతో నాకు పౌరుషం వచ్చింది. నెల తిరిగేసరికల్లా, రెండు జాబితాలిస్తే మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేని పేర్లేవో చెప్పే పది వరసల ప్రోగ్రాము సొంతంగా రాశాను.

ఆ విద్య ప్రదర్శించే అవకాశం పరీక్ష ఫీజుల వేళ వచ్చింది. నా తరగతిలో 62 మంది. ఫీజు కట్టినవాళ్లు తమ పేరు ఇంగ్లీషులో ఒక ఫారంలో తామే టైపు చేయాలి. అందులో రోల్ నంబరు అడగడం మరిచిపోయాం; అది మా తప్పే. అంతకుముందు ఏటా రిజిస్టరూ కట్టినవాళ్ల జాబితా పక్కపక్కన పెట్టుకుని ఎర్రపెన్సిలుతో టిక్కులు పెట్టేవాణ్ణి. ఈసారి మీట నొక్కాను. రెప్పపాటులో జవాబు వచ్చింది: కట్టనివాళ్లు 19 మంది!

ఆ కాగితం పట్టుకుని తరగతికి వెళ్లి ఒక్కొక్కరినే లేపాను. మగపిల్లలు "కట్టాం సార్" అని గోల చేశారు. నేను వినలేదు. కంప్యూటరు అబద్ధమాడదని నా ధీమా. మూడో వరసలో ఒక అమ్మాయి మాత్రం లేచి నిలబడిందే గాని నోరు విప్పలేదు. "ఫీజే కట్టకపోతే పరీక్ష ఎలా రాస్తావమ్మా?" అన్నాను. అందరూ వింటూండగానే అన్నాను.

గంట కొట్టాక ఆ పిల్ల నా గదికి వచ్చి, పుస్తకంలోంచి మడత పెట్టిన రసీదు తీసి బల్లమీద పెట్టింది. "మా అమ్మ మిషను కుట్టి దాచిన డబ్బు సార్. మొదటిరోజే కట్టాను" అంది. అంతకుమించి ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి మా అమ్మాయికి ఫోన్ చేసి, రెండు జాబితాలూ పంపించాను. చూసి నవ్వబోయి, నా గొంతు విని ఆపేసింది కాబోలు. "నాన్నా, మీ రిజిస్టరులో ఆ అమ్మాయి పేరుకు మొదటి అక్షరం పెద్దది, తక్కినవన్నీ చిన్నవి. ఫారంలో తను అన్నీ పెద్దక్షరాలే కొట్టింది. మనకు రెండూ ఒకే పేరు, కంప్యూటరుకు కాదు" అని విడమరిచి చెప్పింది.

కంప్యూటరుకు కావలసింది అక్షరం కాదు, దాని అంకె. పెద్ద ఏ అంటే 65, చిన్న ఏ అంటే 97. పెద్ద బి 66, చిన్న బి 98. ఇరవైయారు అక్షరాలకూ అదే 32 తేడా. అంకెలు కలవకపోతే పేర్లు వేరన్నమాట. మందు సులువే. రెండు జాబితాలకూ నకళ్లు తీసి, వాటిలో పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చి, ముందూ వెనకా పొరపాటున పడ్డ ఖాళీలు కత్తిరించి, అప్పుడు పోల్చాలి. అసలు జాబితాల జోలికి పోకూడదు. ఎవరి పేరు వాళ్లు రాసుకున్నట్టే ఉండాలి కదా!

పైథాన్‌లో ఈ పనికి 'లోయర్' అనే మాట ఉంది. అంతకంటె లోతైనది 'కేస్‌ఫోల్డ్'. జర్మన్లకు రెండు ఎస్సులకు బదులు రాసే అక్షరం ఒకటుంది. లోయర్ దాన్ని కదపదు. కేస్‌ఫోల్డ్ దాన్ని రెండు ఎస్సులుగా విప్పి పోలికకు సిద్ధం చేస్తుంది. నేనూ ఆ మాటే చేర్చి మీట నొక్కాను. 19 కాస్తా 4 అయింది.

అప్పుడు నాకు యతిప్రాసలు గుర్తుకొచ్చాయి. ప్రాస కఠినమైనది. మొదటి పాదంలో రెండో అక్షరం ఏ హల్లయితే తక్కిన పాదాల్లోనూ అదే ఉండాలి. యతి కాస్త దయగలది. అచ్చు పొత్తు కుదిరితే క, ఖ, గ, ఘ లను చుట్టాలుగా ఒప్పుకుంటుంది. ఏటా నల్లబల్లమీద రాసి చెప్పే సంగతే ఇది. అయినా నా ప్రోగ్రాముకు ప్రాస ఒక్కటే నేర్పి, యతిమైత్రి నేర్పడం మరిచిపోయాను.

ఈ మాట చెబితే మా అమ్మాయి సంతోషించి, "అలాగని ప్రతిచోటా మైత్రి కలపకు నాన్నా" అంది. నిజమే. ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిలో పెద్ద టీ కొడితే ట, చిన్న టీ కొడితే త. అక్కడ పెద్దా చిన్నా ఒకటే అన్నామంటే 'పాట' కాస్తా 'పాత' అయి కూర్చుంటుంది. మన పాత లాక్షణికులు చాలామంది రేఫనూ బండిరనూ కలపవద్దన్నదీ ఇలాంటి పట్టింపే. ఏ భేదం చూసీ చూడనట్టు పోవాలో, ఏది పట్టించుకోవాలో తేల్చవలసింది మనిషే. ఆ తీర్పు కంప్యూటరుమీద వదిలేసినవాడు చివరకు నాలాగే రసీదు ముందు తెల్లబోవాలి.

మర్నాడు తరగతిలో ఆ పదిహేనుమందికీ క్షమాపణ చెప్పాను. అందరూ వింటూండగా అన్న మాట అందరూ వింటూండగానే వెనక్కి తీసుకోవాలి. ఆ అమ్మాయి లేచి, "ఫరవాలేదు సార్, ఇకనుంచి చిన్నక్షరాలే కొడతాను" అంది. తప్పు తనదే అనుకుంటోంది, పిచ్చిపిల్ల! "వద్దమ్మా, నీ పేరు నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. చూసుకోవలసినవాణ్ణి నేను" అన్నాను.

మిగిలిన నలుగురినీ తరగతిలో లేపలేదు. ఒక్కొక్కరినీ గదికి పిలిచి, మెల్లిగా అడిగాను. అందులో ఒక కుర్రాడు జేబులోంచి రసీదు తీశాడు. ఇంటిపేరు పొడి అక్షరం పేరుకు ముందు కొట్టవలసింది వెనక కొట్టాడు. దానికి నా కేస్‌ఫోల్డు పనిచేయలేదు. సొరుగు లాగి, ఎర్రపెన్సిలు బయటికి తీశాను.