మార్లవాయిలో ఒక మౌన ఘడియ

పల్లెల్లో ఉండేవారికి నిశ్శబ్దానికి ఏం కొదవ అని పట్నం వాళ్ళు అనుకుంటారు. నిజానికి మనకూ అది కరువే. తెల్లవారక ముందే ట్రాక్టరు మోత, పగలంతా పత్తి ఏరే కూలీల లెక్కలు, రాత్రి టీవీ, ఎప్పుడూ చేతిలో సెల్‌ఫోను. ఇక ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన పిల్ల, బ్యాంకులో అప్పు ఉంటే, బయట ఎంత సద్దుమణిగినా లోపలి మోత ఆగదు. అందుకే ఏడాదికి ఒక్కనాడైనా పని పక్కన పెట్టి, ఇంటిల్లిపాదీ ఒక నెమ్మదైన చోట కూర్చుని రావడం మంచిదని నా తలంపు. అలాంటి చోటు మా జైనూర్ మండలంలోనే ఉంది.

ఉట్నూరు నుండి ఆసిఫాబాదు పోయే దారిలో జైనూర్ వస్తుంది. 2016 వరకు ఇది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఈ మండలంలోని గోండుల ఊరే మార్లవాయి. అక్కడ హైమన్‌డార్ఫ్ దంపతుల విగ్రహాలు, సమాధులు ఉన్నాయి. ఏటా జనవరి 11న అధికారులు, ఆదివాసీ పెద్దలు వచ్చి దండలు వేస్తారు. మేము ఆ సందడి ముగిసిన తర్వాత, మామూలు రోజున వెళ్ళాం. నేను, మా ఇంటామె, మా చిన్నమ్మాయి.

విగ్రహాల ముఖాలు చూసి మా పాప అడిగింది. "బాపూ, వీళ్ళు మన దేశపోళ్ళు కారు గదా! ఇక్కడెందుకున్నరు?"

పశువులు తోలుకుపోతున్న ఒక ముసలాయన ఆ మాట విని ఆగాడు. "మా ఊరోళ్ళే బిడ్డా. పుట్టుడు వేరే దేశంల పుట్టిండ్రు గని, మా ఊరోళ్ళే" అని చెప్పి తన దారిన పోయాడు. అంత చిన్న జవాబు వెనుక ఎంత చరిత్ర ఉందో తర్వాత పాపకు విడమరచి చెప్పాను.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్ర పండితుడు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిషు వారి లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అలా ఆయన హైదరాబాదు సంస్థానంలో ఉండిపోవలసి వచ్చింది. మరుసటి ఏడే, 1940లో, భూమి కోసం, అడవి కోసం లేచిన కుమురం భీం జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని ఈ పరదేశికి వచ్చింది. ఆయన కచేరీలో కూర్చుని కాగితాలు తిరగేయలేదు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయికి వచ్చి, గోండుల నడుమ కాపురమున్నాడు. వారి మాట నేర్చుకుని వారి కష్టం విన్నాడు.

ఆ వినడం వట్టిగా పోలేదు. 1943లో మార్లవాయిలోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. వేల కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి ఆదివాసీల మొర వినే దర్బారు కూడా 1940లలో ఆయన చొరవతోనే మొదలైంది. ఏళ్ళు గడిచాక మళ్ళీ వచ్చి చూసి, ఇచ్చిన భూములు తిరిగి చేజారిపోతున్నాయని బాధపడి, 1982లో ఆ సంగతి పుస్తకంలో రాశాడు.

బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూసింది. ఆమె కోరిక ప్రకారం మార్లవాయిలోనే సమాధి చేశారు. భర్త 1995లో లండన్‌లో మరణించాడు. ఆయన అస్థికలూ తరువాత ఈ మట్టిలోకే చేరాయి. మోయాబు నుండి వచ్చిన రూతు కూడా అత్త పాతిపెట్టబడే చోటే తానూ పాతిపెట్టబడాలని కోరింది కదా! ఎక్కడ పుట్టాలో మనం ఎంచుకోలేం. ఎవరి నడుమ మన వాళ్ళమై ఉండాలో మాత్రం ఎంచుకోవచ్చు.

ఈ మాట జైనూర్ వాళ్ళకు ఊరికే చెప్పే నీతి కాదు. 2024 సెప్టెంబరులో, ఒక ఆదివాసీ స్త్రీపై జరిగిన అఘాయిత్యం తర్వాత, ఇక్కడ అల్లర్లు చెలరేగాయి. దుకాణాలు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. అన్యాయం జరిగితే న్యాయం అడగవలసిందే. కాని ఏళ్ళ తరబడి ఒకే సంతలో బేరమాడినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేని రోజులు అవి. కాలిన గోడకు మళ్ళీ సున్నం వేయవచ్చు. తెగిన మాటను కలపాలంటే మాత్రం ఎవరో ఒకరు ముందుగా వెళ్ళి కూర్చోవాలి, వినాలి.

మేము అక్కడ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. టేకు చెట్ల మీద గాలి, దూరాన పశువుల మెడగంటలు తప్ప చప్పుడు లేదు. చివరికి మా ఇంటామె మెల్లగా అంది. "ఒకసారి బావ ఇంటికి పోదమా? ఏం అడగద్దు. ఊకె కూసొని వద్దం."

మా అన్నకూ మాకూ పొలం గట్టు దగ్గర పంచాయితీ ఉంది. ఎవరి వైపు ఎంత జరిగిందో సర్వే చేస్తేగాని తేలదు. మాటలు ఆగిపోయి నాలుగు నెలలైంది. ఆ సాయంత్రం పోయాం. వదిన మంచినీళ్ళిచ్చింది. అన్న పత్తి ధర గురించి మాట్లాడాడు, తన మోకాలి నొప్పి గురించి చెప్పాడు. విన్నాం. గట్టు మాట ఎవరూ ఎత్తలేదు. లేచేటప్పుడు పాప చేతిలో నాలుగు జామకాయలు పెట్టి, "మళ్ళ ఎప్పుడొస్తరు?" అన్నాడు. గట్టు ఇంకా తేలలేదు. కాని సర్వే రోజున ఇద్దరం కలిసే నిలబడతామన్న ధైర్యం వచ్చింది.

ప్రియ చదువరులారా, మీరూ ఒకనాడు మార్లవాయికి వెళ్ళండి. సద్ది కట్టుకోండి, ఫోన్లు సంచిలో పెట్టండి. అది ఒక ఊరి వారికి ప్రియమైన చోటు గనుక పిల్లలను విగ్రహాలు ఎక్కనివ్వకండి, కాగితాలు పారవేయకండి. ఒక అరగంట మౌనంగా కూర్చోండి. "నేను వినవలసిన మాట ఎవరి దగ్గర మిగిలి ఉంది?" అని ఎవరికి వారు అడిగి చూసుకోండి. పేరు తట్టిన వెంటనే, పొద్దు గూకక ముందే, ఆ ఇంటికి బయలుదేరండి.