గాజు తొట్టెలో మడ మొక్కలు

మా పెనుగొలనుకు సముద్రం చాలా దూరం. మా తిరువూరు వైపు అంతా మామిడి తోటలే, ఉప్పునీళ్ల చెట్టును చూసినవాళ్లు తక్కువ. అయినా రెండేళ్లుగా మా వరండాలో మడ మొక్కలు పెరుగుతున్నాయి, మాషాఅల్లా. ఎలా పెంచారని చుట్టాలు, దోస్తులు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఎందుకు పెంచామో కూడా చెప్పాలి.

అమ్మీ మైకా దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆమె చెల్లెలు పోయింది. మయ్యత్ కూడా దొరకలేదు. తర్వాత నికాహ్ అయి ఈ ఊరొచ్చిన అమ్మీ సముద్రం ఊసెత్తదు. మామూజాన్ మాత్రం నాగాయలంక దగ్గరే ఉండిపోయాడు. రొయ్యల చెరువే ఆయన రిజ్క్. ఆ చెరువు గట్టు అవతల వరసగా మడ చెట్లున్నాయి. వాటిని కొట్టేసి చెరువు పెంచుదామని లీజుదారు ఒకటే జిద్. మామూ ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆ సంగతి ఫోన్లో నడుస్తుంటే విని, అప్పుడు ఏడో తరగతిలో ఉన్న మా అమ్మాయి "మడ చెట్టంటే ఏంటి అబ్బా?" అంది. చూపిద్దామంటే ఇక్కడ లేవు కదా!

ఈద్‌కి వచ్చినప్పుడు మామూ తన గట్టు మీద రాలినవి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. అభయారణ్యంలోవి ముట్టుకోకూడదు, అది కానూన్. ఉప్పుపొన్న కాయ సన్నగా, మునక్కాయ ముక్కలా ఉంటుంది. నిజానికి అది చెట్టు మీదే మొలకెత్తిన పిల్ల మొక్క. తల్లి కొమ్మకు వేలాడుతూనే పెరిగి, రాలి, నీళ్ల మీద తేలిపోయి, బురద దొరికిన చోట వేళ్లు దించుతుంది. తెల్లమడది చిక్కుడు గింజ లాంటి గింజ.

మాది అద్దాల దుకాణం. మిగిలిన గాజు ముక్కలతో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె అతికించాను. సిలికాన్ బూజు మందు కలపనిదై ఉండాలి. అది బాగా ఆరి, వాసన పోయేదాకా నీళ్లు పోయకూడదు. అడుగున ఇసుక, కొంచెం చెరువు మట్టి, పైన 30 లీటర్ల నీళ్లు. వంటింటి నమక్ పనికిరాదు, అక్వేరియం ఉప్పు విజయవాడ నుంచి తెప్పించాను. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. మేం అందులో సగంతో, అంటే అరకిలో పైచిలుకుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాం. కాయను నిలువుగా, కింది కొన రెండంగుళాలు మాత్రమే దిగేలా గుచ్చాలి. వెలుతురు బాగా కావాలి, సబర్ ఇంకా బాగా కావాలి. మొదటి ఆకుల జత కోసం మాకు రెండు నెలల ఇంతెజార్.

మన ఎండలకు నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం తొట్టెలోనే మిగులుతుంది. అందుకని తగ్గినంతా మంచినీళ్లే పోయాలి. గాజు మీద గీత పెట్టి, రోజూ అక్కడిదాకా పోసే డ్యూటీ మా అమ్మాయిది.

ఒకరోజు అది తెల్లమడ ఆకును నాలుకతో తాకి "దాదీ, ఉప్పగా ఉంది!" అని అరిచింది. ఉప్పుపొన్న చాలావరకు ఉప్పును వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. తెల్లమడ మాత్రం లోపలికొచ్చిన ఉప్పును ఆకుల మీదకు చెమటలా వదిలేస్తుంది. అప్పటిదాకా తొట్టె వైపు చూడని అమ్మీ లేచి వచ్చింది. ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకించుకుంది. "మేరీ బహెన్ భీ ఐసైచ్ చాట్‌తీ థీ" అంది. మేకలకు మడ ఆకు తెచ్చేటప్పుడు చెల్లెలు నాకుతూ వచ్చేదట. నేను పుట్టినప్పటి నుంచి అమ్మీ నోట ఆమె ముచ్చట వినలేదు. ఆ సాయంత్రం మగ్రిబ్ అజాన్ దాకా ఆమె గురించే చెప్పింది.

రాత్రి మామూకి ఫోన్ చేసింది. "ఝాడాఁ కాట్‌నా నక్కో" అంది. "చెట్లు ఉప్పెనను ఆపుతాయా ఆపా?" అన్నాడు మామూ. సవాల్ సబబే. అంత నీటిని ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కానీ అలల జోరు తగ్గిస్తుంది, గట్టు మట్టిని పట్టి ఉంచుతుంది. 1999 ఒడిశా పెను తుఫానులో కేంద్రపాడ జిల్లాలో మడ అడవి వెడల్పుగా ఉన్న ఊళ్లలో ప్రాణనష్టం తక్కువని పరిశోధకులు తర్వాత లెక్క తేల్చారు. అదే మామూకి చెప్పాను.

మామూ చెట్లు ఉంచాడు. లీజు డబ్బు తగ్గింది. మామీ ఇప్పటికీ నారాజ్‌గానే ఉంది. ఇంట్లో పెళ్లికెదిగిన అమ్మాయి ఉంది, ఆమె ఫికర్ కూడా హఖ్ మాటే. ఖుదా ఆ లోటు ఇంకో దారిలో పూడ్చాలని దువా చేస్తున్నాం, మాకు చేతనైనంత పంపుతున్నాం.

మొక్కలిప్పుడు తొట్టె దాటి రెండడుగులు పెరిగాయి. అవి చెట్లు కావలసినవి, వరండాలో ఎన్నాళ్లుంటాయి? ఈ వానల్లో నాలుగింటిని మామూ గట్టు మీద నాటడానికి తీసుకెళ్తున్నాం. అమ్మీ కూడా వస్తానంది, ఇంషాఅల్లా.