ఆర్డెను గ్రామములో నొక తల్లి పాట

బర్మింగ్‌హాము నగరమునుండి స్ట్రాట్‌ఫర్డునకు బోవు రైలుమార్గమున డాంజీ యను చిన్న స్టేషను గలదు. బర్మింగ్‌హామున నుద్యోగము చేయు మా తమ్మునితో నేనచట దిగి, పచ్చికబయళ్ల నడుమ నడచి టాన్‌వర్తు-ఇన్-ఆర్డెను గ్రామము చేరితిని. షేక్స్పియరు నాటకమున రాజపుత్రికలు తలదాచుకొన్న వనము పేరును ఆర్డెనే గదా యని చెట్లకై చూచితిని. అడవి యెన్నడో పోయినది, పేరు మిగిలినది.

ఊరు మిక్కిలి చిన్నది. మాగ్దలేను మరియ పేరిటి చర్చి తోటలో నొక ఓకుచెట్టు క్రింద చిన్న రాయి యున్నది. నిక్ డ్రేకను గాయకుని చితాభస్మ మచ్చట నుంచిరి. ఇతడు 1948లో రంగూనున బుట్టి, 1952 నుండి యీ యూర బెరిగెను. గిటారు తీగెల శ్రుతిని దనకు దోచినట్లు మార్చుకొని, గొంతెత్తక, చెవిలో జెప్పినట్లు పాడెడివాడు. 1969 మొదలు 1972 వరకు మూడు సంపుటములు వెలువడెను, కొన్నవారు బహుస్వల్పము. సభలలో బాడుటకు జంకెడివాడు. మనోవ్యాధిచే గ్రుంగి తల్లిదండ్రుల యింటికే తిరిగివచ్చి, 1974 నవంబరు 25వ తేదీన, ఇరువదియాఱవ యేట, ఆ యింటనే మరణించెను. ఇప్పుడు దూరదేశములవారు సైత మా చెట్టు వెదకికొని వత్తురు.

సోదరీమణులారా, ఆ రాతిమీద నతని తల్లి మాలీ పేరును గలదు. వచ్చువా రామెను గాయకుని తల్లిగా మాత్రమే తలచి పోవుట నాకు రుచింపలేదు. ఆమెయు గవయిత్రి, పాటలు కట్టి పాడినది. 1915లో రంగూనుననే జన్మించెను. 1942లో జపానువారు బర్మాపై బడినప్పుడు, కూలికై పోయిన మన తెలుగువారెందఱో కొండలు దాటి కాలినడకను స్వదేశము చేరిరి, ఎందఱో దారిలోనే పోయిరి. ఆ యేడే మాలీయు దన సోదరి నాన్సీయు ఢిల్లీ చేరి, యచ్చటి ఆలిండియా రేడియోలో జంటగా బాడిరి.

పిమ్మట టాన్‌వర్తులోని ఫార్ లేస్ అను నింట, సంసారము దిద్దుకొనుచునే, పియానో ముందు గూర్చుండి పాటలు కట్టెను. సభ లేదు, అచ్చు లేదు. ఇంజనీరగు భర్త రోడ్నీ టేపుయంత్రము దెచ్చి, 1950 దశకమున నా పాటలను బట్టియుంచెను. అప్పటికి గొడు కింకను బాలుడే. ఐనను సంతోషము చేత జిక్కక యెగిరిపోవునను దిగులు వానియందు వినబడును. కొడుకు పాటలలోని నెమ్మదియు, దిగులును ఏ గదిలో బుట్టినవో వానిని విన్నవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఆమె 1993లో గతించెను. పాటలు 2013లో లోకమునకు వెలువడినవి.

మా యమ్మమ్మకు ముప్పదికి మించి దంపుళ్లపాటలు వచ్చెడివి. నాకు మూడే వచ్చును. మా తాతగారియొద్ద టేపుయంత్రము లేకుండెను.