వెల యెఱుగని చెవి

ఒక వస్తువునుగూర్చి దానిని కొన్నవారి నడిగినచో నిజము తెలియుట కష్టము. చీర కొన్నవారు రంగు వెలియుట చెప్పరు. కుక్కరు కొన్నవారు మూతలోని లోపము చెప్పరు. తాము పెట్టిన సొమ్మును తామే తప్పుపట్టుట యెవరికిని సులభము కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు. పాట వినుటకై యింటికి తెచ్చుకొను పెద్ద స్పీకర్ల విషయమున నిది మఱింత నిజమని మేము స్వానుభవముచే తెలిసికొంటిమి. అందు మా పొరపాటును గూడ కలదు. దానిని దాచక సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా వారు బడిపంతులు. వారికి పాడుట రాదు; వినుట యన్న ప్రాణము. 2023 వేసవిలో వారి స్నేహితులొకరు సంసారముతో విదేశమునకు పోవుచు, తమ యింట నేలపై నిలిచియుండెడు స్పీకర్ల జతను, వానిని పలికించు యాంప్లిఫయరును అమ్మజూపిరి. క్రొత్తవైనచో మా బోటివారు వాని వంక చూడనైన చూడరు. పాతవైనను వాని వెల మా వారి మూడు నెలల జీతము. ఆ సొమ్ము మా యింట నుండెను. కాని యది అత్తగారు పరుండు వెనుకగది కప్పు బాగుచేయించుటకై కూడబెట్టిన సొమ్ము.

“వానలు ముదిరేలోగా మళ్ళీ కూడబెడదాము” అని మా వారనిరి. మేము కాదనలేదు, అవుననియు ననలేదు. ఇల్లాలి మౌనమును అంగీకారముగ నెంచుట మగవారికి అలవాటే కదా. పెట్టెలు వచ్చినవి.

ఒక్కొక్కటి మూడున్నర యడుగుల యెత్తు. నున్నగా మెఱయు కఱ్ఱ. మా వారు వానిని సావడిలో రెండు మూలలకును గోడ కానించి, గుడి ముందరి ద్వారపాలకులవలె నిలిపిరి. ఇరుగుపొరుగు వారు వచ్చి చూచిరి. ఒకావిడ యవి బీరువాలా యని యడిగినది. పాట వినిపించినపుడు “బాగున్నది” అనిరి, వెల చెప్పిన పిమ్మట “ఎంత బాగున్నది!” అనిరి. ఈ రెండు మాటల నడుమ పాటలో మార్పేమియు లేదు. మా వారైతే ప్రతిదినమును ఒక క్రొత్త సుగుణమును కనిపెట్టుచుండిరి. మాకు మాత్రము ప్రతి స్వరమునను వెనుకగది పైకప్పునుండి పెచ్చు రాలిన చప్పుడే వినబడుచుండెను.

ఇంతయెత్తు పెట్టె యెందుకని మేమడిగిన ప్రశ్నకు మా వారు చెప్పిన సమాధానము తెలిసికొనదగినది. స్పీకరులో గరాటువంటి పొర యొకటి యుండును. దాని వెనుక తీగచుట్టయు, అయస్కాంతమును ఉండును. తీగచుట్టలో విద్యుత్తు మాఱినకొలది పొర ముందువెనుకలకు కదలి గాలిని కదలించును. అదియే మనకు వినబడు ధ్వని. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన రైస్, కెల్లాగ్ అను నిద్దరు 1925లో ఈ యేర్పాటును ప్రకటించిరి. నేటి స్పీకర్లలో పెక్కింటికి మూలమదియే. పొర ముందున గాలిని నొక్కునపుడు వెనుక గాలి పలుచనగును. ఈ రెండును కలిసికొన్నచో మంద్రస్వరములు ఒకదాని నొకటి చంపుకొనును. అవి కలియకుండుటకై పెట్టె కావలెను. పెట్టెలోపల చోటు పెరిగినకొలది మంద్రస్వరములు నిండుగ పలుకును. కావున నేలపై నిలుచు పెట్టె యెత్తు ఆడంబరమునకు మాత్రమే కాదు. పై భాగమున తారస్వరములకై యుండు చిన్న స్పీకరును ట్వీటరందురు. అది కుర్చీలో కూర్చున్నవారి చెవి యెత్తునకు వచ్చునట్లు అమర్చుదురు.

ఇదంతయు వినియు మా మనసు కరుగలేదు. వానలు వచ్చినవి. సొమ్ము మరల కూడలేదు. ఒకనాటి రాత్రి వెనుకగది కప్పు కారి అత్తగారి పక్క తడిసెను. ఆ రాత్రియే ఆమె మంచమును సావడిలోనికి తెచ్చితిమి. మా వారు తలయెత్తి మా వంక చూడలేదు. మేమును ఏమియు ననలేదు. మాట యనుటకంటె అనకుండుటయే ఆనాడు గట్టి దెబ్బయని మాకు తెలియును.

అత్తగారికి నీటికాసుల వ్యాధిచే చూపు పోయి చాలకాలమైనది. చిన్ననాట ఏడేండ్లు పాట నేర్చుకొనిరట. పెండ్లితో నది నిలిచిపోయినది. పిమ్మట 1948లో వెలసిన విజయవాడ రేడియో కేంద్రమే ఆమెకు కచేరీసభ. అందలి భక్తిరంజనియే తెల్లవారుజాము. రేడియో మూలబడిన తరువాత మేము తలగడ ప్రక్కన చేతిఫోను పెట్టి పాటలు వినిపించుచుంటిమి. ఈ పెట్టెలనుగూర్చి యామె కెవరును చెప్పలేదు. వాని యెత్తును ఆమె చూడలేదు, వెలను వినలేదు.

మరునాడు సాయంకాలము మా వారు ఒక కచేరీ పెట్టిరి. అత్తగారు కొంతసేపు విని, “అబ్బాయీ! ఆ మృదంగం ఆయన తొప్పికి రవ్వ మరీ దట్టంగా పట్టించాడురా” అనిరి.

మృదంగపు ఎడమ మూతను తొప్పి యందురు. దాని నాదము క్రిందికి దిగుటకై కచేరీకి ముందు తడిపిన బొంబాయిరవ్వ ముద్దను దానికి పట్టింతురు. కచేరీ ముగిసిన పిమ్మట తీసివేయుదురు. మా వారు నవ్వి, “ఆయన మహావిద్వాంసుడమ్మా” అనిరి. “విద్వాంసుడు కాడని నేనన్నానా? రవ్వ ఎక్కువైంది. దెబ్బ పడ్డాక కూడా మోగుతూనే ఉంది” అని యామె ప్రక్కకు తిరిగి పండుకొనిరి.

మా వారికిది గ్రుచ్చుకొన్నది. రెండు దినములు పెట్టెల జోలికి పోలేదు. మూడవనాడు ఏవియో చదివి, తప్పు విద్వాంసునిది కాదు, ముద్దది కాదు, మూలదని కనుగొనిరి. గదిమూలలో పెట్టిన స్పీకరు మంద్రధ్వనిని రెండు గోడలును నేలయును కలిసి మరల గదిలోనికే త్రోయును. ధ్వని ఉబ్బిపోవును. అదియునుగాక మా సావడి పొడవు పదునాఱడుగులు. అంత పొడవుగల గదిలో ఇంచుమించు 35 హెర్ట్‌జుల స్వరము రెండు గోడల నడుమ నిలిచి ఊగును. దాని రెట్టింపు స్వరము 70 హెర్ట్‌జుల దగ్గర అట్లే యూగును. ఎంత వెలగల పెట్టెయైనను ఈ గుణమునుండి తప్పించుకొనలేదు. కొన్నవారు స్పీకరుకు వెల యిత్తురు గాని, వినునది సగము తమ గదినే.

పెట్టెలను గోడనుండి రెండున్నర యడుగులు ముందునకు జరిపితిమి. వంటయింటికి పోవు దారి యిఱుకైనది. బిందె చంకనెత్తుకొని ప్రక్కవాటుగ నడువవలసిన మేము ఆనాడు మౌనము మానితిమని వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను మృదంగపు ఉబ్బు తగ్గెను. పిమ్మట సావడి నడుమ నిలిచి చప్పట్లు కొట్టిచూచితిమి. నున్నని గోడలును, పలకల నేలయును ఆ చప్పుడును గలగలలాడించి తిప్పికొట్టినవి. పాటలోని మాట చెదరుటకు కారణమిదియేనని తోచి, నేలపై జంబుఖానా పఱచితిమి. అత్తగారు చూపుండగా పాతచీరలతో కుట్టిన రెండు బొంతలను వెనుకగోడకు వ్రేలాడదీసితిమి. మా వారి పుస్తకముల అలమారను ప్రక్కగోడకు చేర్చితిమి. ఖర్చొక్క కాసులేదు. వెలగల తీగలు కొన్నను రాని స్పష్టత ఆ బొంతలవలన వచ్చినది. ఇంకొక వింత. చాపపై కూర్చుండు మా తలలమీదుగ ట్వీటరు ధ్వని పోవుచుండెను. మంచముపై దిండు కానుకొని కూర్చున్న అత్తగారి చెవికే అది సరిగ చేరుచుండెను. ఇంటిలో మంచిచోటు తెలియకుండగనే ఆమెకు దక్కినది.

ఆ సాయంకాలము ఒక విదుషీమణి పాటకచేరీ పెట్టితిమి. పాట మొదలగుటకు ముందు కొన్ని క్షణములు తంబుర మాత్రమే మ్రోగెను. అత్తగారు చేయి యెత్తి, “ఉండండి, నాలుగో తీగ వినిపిస్తోంది” అనిరి.

ఐదున్నర శ్రుతిలో పాడు స్త్రీల షడ్జము సుమారు 208 హెర్ట్‌జులు. తంబుర కడపటి తీగ దానికి సగము, 104 హెర్ట్‌జులు. చేతిఫోనులోని గోరంత స్పీకరు అంత క్రిందిస్వరమును నిండుగ పలుకజాలదు. పైనున్న అనుస్వరములను బట్టి మన చెవియే క్రిందిస్వరము నూహించుకొని సరిపెట్టుకొనును. శ్రుతి తెలియును, నాదము తెలియదు. ఆకు వేసి అన్నము వడ్డింపక వాసన చూపినట్లు, ఇన్నేండ్లుగ మేమామెకు ఆ ఫోనులో పాట వినిపించుచుంటిమి. “మా గురువుగారింట విన్న తంబుర ఇలాగే ఉండేది” అని యామె మెల్లగ షడ్జము పట్టిరి. గొంతు వణకినది గాని శ్రుతి తప్పలేదు. కాపురమునకు వచ్చినది మొదలు ఆమె పాడగా మేము వినియుండలేదు. మా వారు గోడవైపు తిరిగి నిలిచిరి.

ఇక వారి గర్వమునకు మేరలేకపోయినది. “చూచితివా, వెలకు తగిన వస్తువు” అనిరి. అపుడు వారు చదివిన గ్రంథములనుండియే మేమొక సంగతిని యెత్తిచూపితిమి. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను శాస్త్రజ్ఞులు కొందఱికి కొన్ని స్పీకర్లను కనబడునట్లు వినిపించి అభిప్రాయమడిగిరి. వానినే తెరచాటునను వినిపించి యడిగిరి. చెవులు అవియే, పెట్టెలు అవియే, అభిప్రాయములు మాఱినవి. కన్ను చెవిని ఏమార్చునని తేలినది. మనమును చేసి చూతమంటిమి.

తోటి యుపాధ్యాయులొకరి యింటనుండి బల్లపై పెట్టు చిన్నజతను ఎరువు తెచ్చితిమి. రెండు జతలకును ముందు మా పాత దుప్పటి తెర. ధ్వని యెక్కువైనదే మేలుగ తోచును గనుక, రెండింటి బిగ్గఱతనమును సమముగ అమర్చితిమి. ఇరుగుపొరుగు స్త్రీలను పిలిచితిమి. మొదట “ఎంత బాగున్నది” అన్న యావిడయే చిన్నజతను మెచ్చి, తెర తీసిన పిమ్మట మోము చిన్నబుచ్చుకొనెను. మా వారు రెండుమార్లు పొరబడిరి. అత్తగారికి తెరతో పనిలేదు. ఆమె, “పద్యానికీ, మాటకీ మొదటిది చాలు. తంబురకీ, మృదంగానికీ రెండోది కావాలి” అనిరి. మొదటిది చిన్నజత, రెండవది మా పెట్టెలు. ఇంతకంటె న్యాయమైన తీర్పును మేమెచటను వినలేదు.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. వెల తెలిసి పొగడినవారి చెవిని మేము పరిహసించితిమి. మా చెవి మాత్రమేమి చేసినది? అదియును వెలనే వినినది. కప్పు సొమ్ము పోయెనన్న కోపముతో ఆ పెట్టెలలో మంచిని వినమని ఒట్టుపెట్టుకొని కూర్చుంటిమి. మెచ్చుకొనుటకు వెల యెట్లు కారణమో, మెచ్చకుండుటకును నట్లే కారణమైనది. మా వారు అడుగక చేసినది తప్పే. ఆ మాట మరునాడు వారితోనే చెప్పితిమి, వారును ఒప్పుకొనిరి. కాని ఆ తప్పు వారిది, పాటది కాదు.

ఇట్టివి కొనదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. తమకు కంఠస్థమైన పాటనే పెట్టించి వినవలెను. వీలైనచో వెల అడుగుటకు ముందే వినవలెను. పాతవి కొనునపుడు పొరచుట్టునుండు మెత్తని అంచును వెలుతురులో పరీక్షింపవలెను. నురుగుతో చేసిన అంచు కాలక్రమమున పొడియై రాలును. గాలిలో తేమయున్నచోట మఱింత త్వరగ పాడగును. యాంప్లిఫయరు శక్తి రెట్టింపైనను ధ్వని మూడు డెసిబెల్లులే పెరుగును గనుక పెద్ద అంకెలకు మోసపోరాదు. పెద్దలకు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్లులకును, పిల్లలకు 75కును మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చెవి పోయిన పిమ్మట ఏ పెట్టెయు నక్కఱకు రాదు. అన్నిటికంటె ముఖ్యము: పెట్టె యెచట నిలుచునో, ఎవరి దారి తగ్గునో, ఏ సొమ్ము కఱగునో కొనకముందే ఇల్లాలితో ఆలోచింపవలెను.

మరుసటి వేసవిలో మా వారికి కరవుభత్యపు బకాయిలు చేతికి రాగానే వెనుకగది కప్పు బాగుచేయించితిమి. సున్నము వేయించి, మంచము మరల లోనికి మార్చుదుమా యని అత్తగారి నడిగితిమి. “అక్కడ నాకేం పనే అమ్మాయీ? ఆ గదిలో మీ బియ్యం బస్తాలు పెట్టుకోండి” అనిరి. మంచము సావడిలోనే యున్నది. బిందెతో మేమింకను ప్రక్కవాటుగనే నడుచుచున్నాము.