బూడిద శాతం

మా పిల్లి పేరు బొగ్గు. నల్లగా ఉంటాడు కాబట్టి ఆ పేరనుకుంటారు అందరూ. నాన్న మాత్రం "ముప్పై ఏళ్లు దాంతోనే బతికేం, ఇంకేం పేరెడతాం" అంటాడు. స్టీల్ ప్లాంట్ లేబొరేటరీలో బొగ్గు శాంపిళ్లు పరీక్షించడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి గాజువాక వచ్చేశాం. బొగ్గు కూడా మాతోనే వచ్చాడు, అట్టపెట్టెలో, దారంతా అరుస్తూ.

ఆ వేసవి దాకా వాడి తిండి గురించి ఇంట్లో ఎవరం ఆలోచించలేదు. గంగవరం వైపు నుంచి బేసిన్ నెత్తిన పెట్టుకొచ్చే చేపల మామ్మ, మాకు ఇవ్వాల్సింది ఇచ్చాక, వాడికని నాలుగు కవళ్లో గుప్పెడు నెత్తళ్లో వేసి వెళ్లేది. నాన్న వాటిని ఉడికించి, ముళ్లు తీసి, రెండు ముద్దల అన్నంతో కలిపి పెట్టేవాడు. ఏప్రిల్ 15 వచ్చింది. వేట నిషేధం. జూన్ 14 దాకా 61 రోజులు ఫిషింగ్ హార్బర్లో మరపడవలన్నీ లంగరేసుకుని ఉంటాయి. మామ్మ రావడం మానేసింది. సరిగ్గా ఆ నెలలోనే నా కాంట్రాక్టు ఉద్యోగమూ అయిపోయింది.

అలా ఓ సాయంత్రం నేనూ నాన్నా సూపర్‌మార్కెట్లో పెట్ ఫుడ్ అరల ముందు నిలబడ్డాం. కంటికి ఎదురుగా పేరున్న కంపెనీలు. కింది అరలో, వంగితే గానీ కనబడని చోట, ఆ స్టోరు సొంత బ్రాండు. ధర పై అరలోవాటిలో మూడో వంతు. ముందువైపు నిగనిగలాడే ట్యూనా చేప బొమ్మ. నేను బొమ్మ చూశాను. నాన్న ప్యాకెట్టు వెనక్కి తిప్పి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఏటే ఇది, బూడిద కూడా రాసేడే!"

నిజంగానే రాసి ఉంది. ప్రోటీన్ 28 శాతం, కొవ్వు 9, పీచు 4, బూడిద 9, తేమ 10. పిల్లి తిండిలో బూడిదేంటని నాకు చిరాకేసింది. నాన్నకి మాత్రం పాత సహోద్యోగి ఎదురుపడ్డంత సంబరం. గ్రాము బొగ్గుపొడిని 815 డిగ్రీల కొలిమిలో కాల్చి, మిగిలింది తూస్తే అదే బూడిద. దాని కోసమే ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో బొగ్గు తెప్పిస్తారు, అందులో బూడిద తక్కువని. పిల్లి తిండిని కాల్చినా మిగిలేది అలాంటిదే: కాల్షియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, ఎముకల్లోని ఖనిజాలు. బూడిదని ఎవరూ విడిగా కలపరు. అది కొలత మాత్రమే. పశువుల మేతని ఇలా భాగాలుగా లెక్కగట్టే పద్ధతి 1860లలో జర్మనీలోని వేండెలో పుట్టింది. బొగ్గు లెక్కలాగే దీన్నీ ప్రాక్సిమేట్ అనాలిసిస్ అనే అంటారు.

"మరి పిండిపదార్థం ఎంతో రాయలేదేం?" అన్నాను.

"అది తీసివేతలో దొరుకుతాదే. అన్నీ కూడి వందలోంచి తీసెయ్."

అరవై పోతే నలభై. కచ్చితమైన లెక్క కాదు, ఎందుకంటే ప్రోటీన్, కొవ్వు 'కనీసం' ఇంత అనీ, మిగతావి 'గరిష్ఠం' ఇంత అనీ వేస్తారు. కానీ అటూ ఇటూగా నలభై. ఎలుకని తిని బతకడానికి పుట్టిన జంతువుకి నలభై శాతం పిండి. పదార్థాల జాబితాలో మొదటి పేరు మొక్కజొన్న. తర్వాత నూకలు, కార్న్ గ్లూటెన్, పౌల్ట్రీ మీల్, సోయా. చేప ఆరోది. అదీ ఫిష్ మీల్.

నాన్న చివరిసారి చూసి, "తేమ పది. పర్లేదు. నీళ్లకి డబ్బులు కట్టక్కర్లేదు" అన్నాడు. కొన్నాం.

కొన్న రాత్రే నాకు తప్పు చేశానన్న బెంగ పట్టుకుంది. అదేదో పిల్లి మీద ప్రేమ అని చెప్పుకున్నాను గానీ, సగం నా ఉద్యోగం పోయిన సిగ్గే. అందుకని చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నా అభిప్రాయాలు ఒక్కొక్కటే తల్లకిందులయ్యాయి.

జాబితాలో పేర్లు బరువు ప్రకారం వేస్తారు, అదీ వండకముందు బరువు. పై అరలో ప్యాకెట్టు మీద మొదటి మాట 'తాజా చికెన్' అని ఉంటే, ఆ చికెన్లో డెబ్బై శాతం దాకా నీళ్లే. గింజలుగా ఆరబెట్టాక దాని స్థానం ఎక్కడికి జారుతుందో మనకి కనబడదు. ఎండిన పౌల్ట్రీ మీల్ నాలుగో పేరైనా దాని బరువంతా సరుకే. మొక్కజొన్ననేమో రెండు ముక్కలు చేసి రెండు పేర్లతో వేస్తే, ఒక్కొక్కటీ చిన్నదిగా కనిపిస్తుంది. 'బై-ప్రోడక్ట్స్' అనగానే ముక్కు మూసుకుంటాం. అవి చాలావరకు కార్జం, గుండె, కందనకాయ. ఆదివారం మా ఇంట్లో కందనకాయల వేపుడు కోసం గిన్నెలు లాక్కుంటాం. పిల్లి ఎలుకని పడితే ఆ లోపలి భాగాలనీ తింటుంది.

ప్రోటీన్ అంకె కూడా నేరుగా ప్రోటీన్ కాదు. నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. 1883లో కెల్డాల్ నైట్రోజన్ కొలిచే పద్ధతి చెప్పిన దగ్గర్నుంచీ ప్రపంచమంతా దాదాపు ఇదే. నైట్రోజన్ ఎక్కడిదని ఆ లెక్క అడగదు. 2007లో అమెరికాలో పిల్లులూ కుక్కలూ కిడ్నీలు చెడి చచ్చిపోయింది ఈ సందులోంచే. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్లో మెలమైన్ కలిపారు. అది నైట్రోజన్ ఎక్కువున్న రసాయనం, కలిపితే ప్రోటీన్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. మరుసటి ఏడాది అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. పిల్లుల చావు ముందే చెప్పింది, వినాల్సినవాళ్లు వినలేదు.

పేరున్న కంపెనీలైనా అన్నీ తెలిసి చేయలేదు. పిల్లి తనకి కావాల్సినంత టారిన్ ఒంట్లో తయారుచేసుకోలేదు. అది తక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో తేలింది. గుండె కండరం సాగిపోతుందని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పరిశోధకులు చెప్పారు. ఆ జబ్బు పడ్డ పిల్లులు మార్కెట్లో మామూలుగా అమ్మే తిండి తిన్నవే. ఆ తర్వాతే అందరూ టారిన్ పెంచారు. మా కింది అర ప్యాకెట్టు మీద టారిన్ ఉంది, విటమిన్ ఎ ఉంది. నాన్న చేసే చేపా అన్నంలో ఇవి ఏ మేరకు ఉండేవో ఎవరం లెక్కవేయలేదు. నాకు నిజంగా తేలిగ్గా అనిపించింది. చవకదైనా చెడ్డది కాదు, అనుకున్నాను.

మే మూడో వారంలో ఓ రాత్రి బొగ్గు మట్టి ట్రేలోకి వెళ్లి కూచుని, లేచి, మళ్లీ వెళ్లి కూచుంటున్నాడు. ఏమీ రావడం లేదు. మలబద్ధకం అనుకున్నాను. తెల్లారేసరికి ట్రేలోనే పడుకుని, పొట్ట ముట్టుకుంటే అరుస్తున్నాడు. మూత్రనాళం మూసుకుపోయింది. మగపిల్లులకి ఆ గొట్టం మరీ సన్నం. ఇంకో రోజు ఆగుంటే బతికేవాడు కాదని చెప్పారు డాక్టర్. ట్యూబు వేసి మూడు రోజులు ఉంచుకున్నారు. ఆ బిల్లుతో పై అర తిండి ఏడాదికి సరిపడా వచ్చేది.

"ఆ చెత్త ప్యాకెట్టే" అన్నాను డాక్టర్‌తో. నా మొహంలో కసి చూసి ఆయన నెమ్మదిగా, ఒక్క కారణం ఉండదమ్మా అన్నారు. ఇంట్లోనే ఉండే మగపిల్లి, ఎండలు, బెదురు, బరువు. చివర్లో, "నీళ్లు ఎన్ని తాగుతున్నాడు?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా దరఖాస్తులు పెట్టి పగలు పడుకునేదాన్ని. గిన్నెలో గింజలు నిండుగా ఉన్నాయా అనే చూశాను. పక్కన నీళ్ల గిన్నె నిన్నటిదో మొన్నటిదో.

ఇంటికొచ్చాక నాన్న ప్యాకెట్టు ముందేసుకుని ఓ కాగితం మీద లెక్క వేశాడు. ఉడికిన చేపలో నాలుగింట మూడొంతులు నీళ్లు. రెండొందల గ్రాములు తింటే నూట యాభై గ్రాముల నీళ్లు ముద్దతో పాటే లోపలికి పోయేవి. రోజుకి అరవై గ్రాముల గింజలు తింటే ఆరు గ్రాములు. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతపు అడవి పిల్లులు, దాహం తక్కువ. ఆ లోటు అవి తాగి పూడ్చుకోవు. వేట ఆగిన రోజు మేం వాడికి తిండి మార్చాం అనుకున్నాం. నిజానికి నీళ్లు ఆపేశాం.

మొక్కజొన్న గురించీ గ్లూటెన్ గురించీ నెల రోజులు చదివాను. కొంపముంచిన అంకె మొదటిరోజే మా ఇద్దరి కళ్ల ముందుంది. తేమ 10. నాన్న దాన్ని చదివి మెచ్చుకున్నాడు కూడా, ఎందుకంటే బొగ్గులో తేమ అంటే నష్టం.

"కోక్ పాడైతే ముందు బొగ్గునే తిడతారు. ఆవెన్ సంగతి ఎవడూ చూడడు" అన్నాడు చాలాసేపటికి. ఎవర్ని అంటున్నాడో అడగలేదు. తననే అనుకుంటా. నన్ను కూడా.

ప్యాకెట్టు పారేయలేదు. డాక్టర్ రాసిచ్చిన తిండి కొన్నాళ్లు పెట్టి, ఆయన సరేనన్నాకే మళ్లీ తీశాం. ఇప్పుడు గింజల మీద గోరువెచ్చని నీళ్లు పోసి, నానాక పెడుతున్నాం. ఇంట్లో మూడు చోట్ల నీళ్ల గిన్నెలు. రాత్రి పడుకునే ముందు ట్రేలో తడి చూడటం నా పని.

జూన్ 14 దాటింది. పడవలు వెళ్లాయి. కొన్నాళ్లకి మామ్మ బేసిన్‌తో వచ్చి, బొగ్గు ముందుకాలు మీద వెంట్రుకలు గొరిగిన చోటు చూసి, "ఏటయ్యిందే వీడికి?" అంది. నాన్న నా వంక చూశాడు.

"నీళ్లు తక్కువయ్యేయి" అన్నాను.

మామ్మ ఇంకేమీ అడగలేదు. నాలుగు కవళ్లు ఎక్కువే వేసి వెళ్లింది.